నది సరిహద్దు దాటితే మన రిపోర్టు ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: నేను సోమాజిగూడలో ఒక ఎన్విరాన్‌మెంట్ కన్సల్టెన్సీలో పని చేస్తున్నాను. ఈశాన్యంలో కట్టబోయే ఒక జల విద్యుత్ ప్రాజెక్టుకి పర్యావరణ ప్రభావ నివేదిక మేమే తయారు చేస్తున్నాం. ఆ నది దిగువన బంగ్లాదేశ్‌లోకి వెళ్తుంది. అక్కడి చేపలకి, పొలాలకి ఏమవుతుందో రాస్తే, 'అది వేరే దేశం, మనకి సంబంధం లేదు, తీసేయండి' అంటున్నారు మా సార్లు. రిపోర్టులో నా సంతకం ఉంటుంది. పక్క దేశాన్ని సంప్రదించాలని చట్టం ఉందా? రేపు నాకు సమస్య వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ మొదటి ప్రశ్నకి సూటిగా చెప్తానమ్మా, మన చట్టంలో అలాంటి నిబంధన లేదు. ఈ నివేదికలన్నిటికీ ఆధారం కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్. అంతర్జాతీయ సరిహద్దుకి దగ్గరగా ఉన్న ప్రాజెక్టయితే రాష్ట్రంలో తేలాల్సిన ఫైలు కూడా కేంద్రానికి వెళ్తుందని అందులో ఉంది గానీ, అవతలి జనాన్ని అడగాలని లేదు. యూరప్ దేశాలకి 1991లో ఫిన్లాండ్‌లోని ఎస్పోలో కుదిరిన ఒప్పందం ఉంది. దాని ప్రకారం కట్టే దేశం పక్క దేశానికి ముందే కబురు చేసి, నివేదిక చూపించి, అక్కడి ప్రజల మాట కూడా వినాలి. మనం అందులో లేము.

ఇంతవరకు మీ సార్ల మాట కరెక్టే. 'మనకి సంబంధం లేదు' అన్న దగ్గరే నేను ఒప్పుకోను.

2010లో అర్జెంటీనా, ఉరుగ్వే మధ్య పేపరు గుజ్జు మిల్లు కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం స్పష్టంగా చెప్పింది, పక్క దేశానికి గట్టి నష్టం జరిగే ప్రమాదం ఉంటే ప్రభావ అధ్యయనం చేయడం ఒప్పందం ఉన్నా లేకున్నా దేశాల బాధ్యతేనని. అవతలి ప్రజల్ని నేరుగా సంప్రదించాలని మాత్రం ఆ తీర్పు అనలేదు. 2015లో కోస్టారికా, నికరాగువా కేసులో వరస కూడా తేల్చింది: ముందు ప్రమాదం ఉందో లేదో ప్రాథమికంగా చూడాలి, ఉంటే పూర్తి అధ్యయనం చేయాలి, అందులోనూ నష్టం తేలితే అప్పుడు ఆ దేశానికి తెలియజేసి సంప్రదించాలి. ఈ వరసలో మీ రిపోర్టు ఎక్కడుందో చూడండి. దిగువ సంగతి మీరే రాయకపోతే సంప్రదించాలా వద్దా అని ఆలోచించడానికి ఢిల్లీలో ఎవరి చేతిలోనూ కాగితం ఉండదు.

మనకూ ఇది అనుభవమే. పాకిస్తాన్‌తో నడిచిన కిషన్‌గంగ జల విద్యుత్ ప్రాజెక్టు కేసులో 2013లో ఆర్బిట్రేషన్ కోర్టు మన ప్రాజెక్టుని ఒప్పుకుంటూనే, దిగువకి సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్ల నీరు వదలాలంది. ఇంకా దగ్గరి ఉదాహరణ పోలవరం. ముంపు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో కూడా ఉందని తెలిసీ అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ చేయలేదని 2007లో అప్పటి పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతినే కొట్టేసింది. హైకోర్టు స్టే ఇచ్చింది, పనులు సాగాయి, కానీ ఆ గొడవ ఏళ్ల తరబడి వదల్లేదు. భద్రాచలంలో వరదొచ్చిన ప్రతిసారీ కింద కట్టేదాని వల్ల మా ఊరేమవుతుందని జనం అడుగుతారు కదా, సరిహద్దుకి అవతల చేపలు పట్టుకుని బతికేవాడి ప్రశ్న కూడా అదే. మధ్యలో గీత ఉందని ఆ ప్రశ్న చిన్నదైపోదు.

ఇక మీ సంతకం. నిర్ణయానికి ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచినా, తప్పుదోవ పట్టించేలా రాసినా దరఖాస్తు తిరస్కరించవచ్చని, ఇచ్చిన అనుమతిని కూడా రద్దు చేయవచ్చని ఆ నోటిఫికేషన్ 8వ పేరాలోనే ఉంది. అనుమతి వచ్చిన 30 రోజుల్లోగా, తగిన కారణం చూపితే మరో 60 రోజుల్లోగా, దానిపై అభ్యంతరం ఉన్నవాళ్లు పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ఈశాన్యం కాబట్టి అది కోల్‌కతా బెంచి, మన వాళ్లు వెళ్లే చెన్నై కాదు. అక్కడ ఈ అధ్యాయం ఎవరు రాశారన్న ప్రశ్న రావచ్చు. తీసేయమన్నది నోటిమాటగానే ఉండిపోతే, చివరికి కాగితం మీద మిగిలేది మీ పేరొక్కటే.

అందుకే దిగువ ప్రవాహంలో వచ్చే మార్పు, రోజులో ఏ గంటకి ఎంత నీరు వదులుతారు, వేసవిలో ఎంత, ఒండ్రు ఎంత ఆగుతుంది, చేపల రాకపోకలు, ఇవి సరిహద్దు దాకా లెక్కగట్టి, అక్కడికి చేరే నీటిలో తేడా ఎంతో అంకెల్లో రాయండి. బంగ్లాదేశ్ గురించి తీర్పులు రాయక్కర్లేదు. తీసేయమంటే ఆ మాట మెయిల్‌లో పెట్టమని అడగండి, మీ అభ్యంతరాన్ని కూడా మెయిల్‌లోనే పంపండి. అప్పటికీ తీసేస్తే ఆ అధ్యాయం మీద సంతకం పెట్టకండి.

ఒక్క జాగ్రత్త. మంచి ఉద్దేశంతోనైనా మీరు సొంతంగా అవతలి వాళ్లకి ఉత్తరాలు రాయడం, డేటా పంపడం చేయొద్దు. బ్రహ్మపుత్ర, బరాక్ లాంటి నదుల నీటి లెక్కలు మన ప్రభుత్వం దగ్గర రహస్య సమాచారం, వాటిని ఇచ్చేటప్పుడే హామీపత్రం రాయించుకుంటారు. పక్క దేశంతో మాట్లాడాల్సింది కేంద్రం. 1972 నుంచి ఉన్న భారత్, బంగ్లాదేశ్ సంయుక్త నదుల సంఘం అందుకే ఉంది. మెయిల్ మాత్రం ఈ వారంలోనే పంపండి, డ్రాఫ్టు ప్రజాభిప్రాయ సేకరణకి వెళ్లేలోపు అది రికార్డులో ఉండాలి.