సందేహాలు – సమాధానాలు: డాగ్‌వుడ్‌కు పూసేవి రేకులా, పుచ్ఛాలా?

సందేహం: అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఇంటి పెరట్లో పూల డాగ్‌వుడ్ చెట్టును పెంచుకోవాలనుకునే తెలుగువారి కోసం ఒక కరపత్రం రాస్తున్నాను. ‘రెండడుగుల లోతు గొయ్యి తీసి మొక్కను పాతాలి. వారానికి అంగుళం నీళ్లు పోయాలి. నాలుగు తెల్లని రేకుల పూలు పూస్తాయి. శిశిరంలో ఆకులు రాలాక కొమ్మలు కత్తిరించాలి. చీడ పడితే మందు కొట్టాలి’ అని రాశాను. ‘పాతాలి’ తప్పు, ‘నాటాలి’ అనాలని ఒకరన్నారు. ‘రేకులు’ కాదు, ‘పుచ్ఛాలు’ అని వృక్షశాస్త్రం చదివిన మరొకరన్నారు. పుచ్ఛమంటే తోక కదా! అసలు చెట్టు పేరును తెలుగు చేయాలా, అలాగే ఉంచాలా?

సమాధానం: పేరు సంగతి తేలిక. డాగ్‌వుడ్‌ను డాగ్‌వుడ్‌గానే ఉంచండి. ‘కుక్కకర్ర’ అంటే నర్సరీలో పని జరగదు, చదివేవారికి నవ్వే మిగులుతుంది. ముందున్న ‘పూల’ అనే మాటను మాత్రం వదలకండి. ఎర్రని రెమ్మల కోసం పెంచే కార్నస్ సెరీసియా అనే పొదను కూడా డాగ్‌వుడ్ అనే అంటారు. అది తెచ్చుకుంటే మీరు చెప్పిన పెద్ద తెల్లని పూలు కనిపించవు. అందుకే కార్నస్ ఫ్లోరిడా అన్న శాస్త్రనామం ఒక్కసారైనా ఇవ్వడం మంచిది. అందులోని ఫ్లోరిడా రాష్ట్రం పేరు కాదు. పూలతో నిండినదనే అర్థంలో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో వాడిన లాటిన్ మాట అది.

ఇక పుచ్ఛం. తోక అన్న అర్థం సరైనదే. అయితే కాలేజీ వృక్షశాస్త్ర పుస్తకాల్లో పువ్వు తొడిమ మొదట్లో ఉండే ప్రత్యేకమైన ఆకును కూడా పుచ్ఛమనే అంటారు. పుచ్ఛసహితం, పుచ్ఛరహితం అని పూలను వర్ణించేది దీన్నిబట్టే. డాగ్‌వుడ్‌లో తెల్లగానో గులాబీరంగులోనో విచ్చుకునే నాలుగూ ఈ పుచ్ఛాలే. అసలు పూలు వాటి నడుమ గుత్తిగా ఉంటాయి. ఒక్కో గుత్తిలో సుమారు ఇరవై, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, చూపు నిలిపితే గాని కనబడనంత చిన్నవి. కాగితప్పూలను చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. అక్కడా రంగు పుచ్ఛాలదే, పువ్వు లోపలి సన్నని తెల్లగొట్టం.

చిక్కంతా ఎక్కడంటే, డాగ్‌వుడ్‌లోని ఆ చిన్న పువ్వుకూ సొంత రేకులు నాలుగున్నాయి. కాబట్టి ‘నాలుగు రేకులు’ అంటే తెలిసినవాడు చిన్నవాటిని అనుకుంటాడు, తెలియనివాడు పెద్దవాటిని అనుకుంటాడు. ‘రక్షక పత్రాలు’ అందామంటే ఆ మాట పూరేకుల కింద ఉండే ఆకుపచ్చ భాగానికి ముందే ఖాయమైపోయింది. మొగ్గను చలికాలమంతా కప్పి కాపాడేవి ఈ నాలుగు పుచ్ఛాలే గనుక ఆ మాట నోటికి వస్తుంది, అయినా వాడకండి. సామాన్య పాఠకులకు రాస్తున్నారు గనుక నా ఓటు ‘రేకుల్లా కనిపించే నాలుగు తెల్లని ఆకులు’ అన్న వర్ణనకే. పుచ్ఛాలన్న మాటను మొదటిసారి దాని పక్కన చేర్చండి. ఈ తెల్లని ఆకు కొనను కూడా వర్ణిస్తే ఇంకా మేలు. కార్నస్ ఫ్లోరిడాకు కొన నొక్కుపడి ఉంటుంది. తూర్పు ఆసియా నుంచి వచ్చిన కార్నస్ కౌసా అనే మరో డాగ్‌వుడ్‌కు కొన వాడిగా ఉంటుంది, అది పూసేది కూడా చెట్టు ఆకు తొడిగాకే.

‘పాతాలి’ తప్పేమీ కాదు. మొక్క పాతడం అనే వాడుక చాలాచోట్ల ఉంది. కాని గుంజ పాతారు, నిధి పాతిపెట్టారు అన్నప్పుడు లోతే ప్రధానం. నారు నాటారు అన్నప్పుడు నిలిచి వేరూనడం ప్రధానం. పక్కనే ‘రెండడుగుల లోతు’ కూడా ఉంటే మొదటి అర్థమే బలపడుతుంది, ఈ చెట్టుకు అదే ప్రాణాంతకం. డాగ్‌వుడ్ వేళ్లు పైపైనే పరుచుకుంటాయి. వాటి మీద మట్టి ఎక్కువైతే గాలి అందక కుళ్లుతాయి. ఆకు చిన్నదవుతుంది, కొమ్మల చివర్లు ఎండుతాయి. కారణం తెలిసేలోపు రెండు మూడేళ్లు గడిచిపోవచ్చు.

అందుచేత లోతుకు అడుగుల లెక్క తీసేయండి. గొయ్యి లోతు వేళ్లను పట్టి ఉన్న మట్టిముద్ద ఎత్తును మించకూడదు, వెడల్పు మాత్రం ఆ ముద్దకు రెండు మూడింతలు ఉండాలి. మాను అడుగున వెడల్పై వేళ్లుగా విడిపోయే చోటు నేలమట్టానికి గాని, అంగుళం పైకి గాని రావాలి. నీరు ఇంకని బంకమట్టిలో రెండు మూడు అంగుళాలు పైకి ఉంచినా మంచిదే. కుండీలో ఈ చోటు తరచు మట్టి కింద దాగి ఉంటుంది. పైమట్టిని వేళ్లతో తొలగించి, దాన్ని చూసుకున్నాకే కొలవాలి. ముద్ద చుట్టూ మెలికలు తిరిగిన వేళ్లను విడదీయాలి, రానివాటిని కోసేయాలి. ఇంతా రాశాక ‘నాటాలి’ అన్నా ‘పాతాలి’ అన్నా ప్రమాదం లేదు. నేనైతే నాటాలనే రాస్తాను.

స్థలం గురించి మీరు ఏమీ రాయలేదు. ‘పాక్షిక నీడ’ అనే మాట వద్దు, దాన్ని ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు కొలుచుకుంటారు. పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోటు అనండి. పెద్ద చెట్ల కింద పెరిగే అడవి చెట్టు ఇది. నేల కాస్త ఆమ్లగుణం (పీహెచ్ 5.5 నుంచి 6.5) కలిగి, తేమ ఉండి, నీరు నిలవనిదై ఉండాలి.

‘అంగుళం నీళ్లు’ తెలుగులో అర్థం కాని కొలత. వానను కొలిచే లెక్కను నీళ్లు పోసే పనికి తెచ్చిపెట్టారు. అంగుళం ఎత్తు నీరంటే చదరపు అడుగుకు దాదాపు 2.4 లీటర్లు. మూడడుగుల అడ్డకొలత ఉన్న పాదుకు 17 లీటర్ల దాకా పడుతుంది. వాన పడిన వారం ఆ మేరకు తగ్గించుకోవాలి. పాదు అనే చక్కటి మాట మనకు ఉండనే ఉంది, వాడండి. కాని పాదు అనగానే మాను చుట్టూ గుంట తవ్వే అలవాటు మనది. ఇక్కడ గుంట వద్దు. గట్టు మట్టిముద్ద అంచున కట్టాలి, లోపల చదునుగా ఉండాలి. పైన రెండు మూడు అంగుళాల మందాన ఎండాకో చెక్కపేళ్లో పరచాలి. దీన్ని మల్చింగ్ అనే రాయండి, రైతులకూ అలవాటైన మాటే. మాను చుట్టూ మూడు నాలుగు అంగుళాలు ఖాళీ వదలాలని తప్పక చేర్చండి.

శిశిరం విషయంలో పంచాంగం మీకు అడ్డు వస్తుంది. మనకు శిశిరమంటే మాఘ, ఫాల్గుణాలు. డాగ్‌వుడ్ ఆకులు ఎర్రబడి రాలేది అక్టోబరు, నవంబరు నెలల్లో, అంటే మన లెక్కలో శరత్తు, హేమంతం. నెలల పేర్లే రాయండి. అంతకన్నా పెద్ద పొరపాటు అక్కడ కత్తిరించమనడం. మరుసటి వసంతంలో పూసే మొగ్గలు వేసవి చివరికే కొమ్మ చివర్లలో తయారై ఉంటాయి. ఆకు మొగ్గ సన్నగా కొనదేలి ఉంటుంది, పూమొగ్గ చొక్కా గుండీలా గుండ్రంగా ఉంటుంది. ఆకులు రాలాక కత్తెర పెడితే ఆ గుండీలన్నీ నేలపాలే, ఆ ఏడాది పూత ఉండదు. పూత ముగియగానే కత్తిరించాలని మార్చండి. ఎండిన కొమ్మను ఎప్పుడైనా తీసేయవచ్చు.

చివరిది చీడ. వాడుకలో చీడపీడలని కలిపేస్తాం గాని, రాతలో చీడంటే పురుగు, తెగులంటే రోగం. ఈ చెట్టుకు రెండూ వస్తాయి, ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. వేసవిలో ఆకుల మీద తెల్లని పొడి పరుచుకుంటే అది బూడిద తెగులు. చల్లని తడి వసంతంలో ఆకుల మీద ఊదా అంచుల మచ్చలు పడి, కింది కొమ్మల నుంచి పైకి ఎండుతూ పోతే అది డాగ్‌వుడ్ ఆంత్రాక్నోస్. మామిడి ఆంత్రాక్నోస్‌కు వాడే పక్షికన్ను తెగులు అన్న పేరు దీనికి తగిలించకండి, కారణమైన శిలీంధ్రం వేరు. రెండింటికీ ముందు చేయాల్సింది గాలి ఆడనివ్వడం, ఆకుల మీద కాక నేలమీద నీళ్లు పోయడం. ఆంత్రాక్నోస్ అయితే ఎండిన రెమ్మలూ రాలిన ఆకులూ ఏరిపారేయాలి. చీడ అనదగింది కాండం తొలిచే పురుగు. గడ్డి కోసే యంత్రం తగిలి బెరడు చెక్కుకుపోయిన చోటే దానికి దారి. మాను చుట్టూ గడ్డి లేకుండా మల్చింగ్ చేస్తే యంత్రానికి అక్కడ పనే ఉండదు.