ఎంఎస్‌డబ్ల్యూ సీటు, ఇంటి తాకట్టు, 900 గంటలు

ప్రశ్న: మాది హన్మకొండ. బీఏ పూర్తిచేసి రెండేళ్లుగా పిల్లల హక్కుల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం చేస్తున్నాను. అమెరికాలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదవడానికి న్యూయార్క్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలోను, ఒహాయోలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోను సీటు వచ్చింది. మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షల రుణం తీసుకుందామంటున్నారు. మిగిలిన ఖర్చులు అక్కడ పార్ట్‌టైం పనిచేసి చూసుకోవచ్చని కన్సల్టెన్సీ వారు చెప్పారు. వెళ్లమంటారా మేడమ్?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ పార్ట్‌టైం అన్న మాట దగ్గర ఆగిపోయానమ్మా. 2008లో నరసరావుపేట నుండి బయలుదేరేటప్పుడు నేనూ ఆ మాటనే నమ్ముకుని విమానం ఎక్కాను. మా వీధిలో నాకంటే ముందు అమెరికా వెళ్లిన ఇద్దరూ కంప్యూటర్ సైన్సు చదివినవారు. వాళ్లు లైబ్రరీలోనో క్యాంటీన్‌లోనో వారానికి 20 గంటలు పనిచేసుకుని అద్దె, తిండి వెళ్లదీసుకున్నారు కాబట్టి నేనూ అలాగే నెట్టుకొస్తానని ఒక నోటుపుస్తకంలో లెక్క రాసి నాన్నగారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, "బాగానే ఉందమ్మా" అన్నారు. ఆ లెక్కలో ఫీల్డ్ వర్క్ అనే పద్దు లేదని ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

అమెరికాలో సోషల్ వర్క్ డిగ్రీలకు గుర్తింపు ఇచ్చేది సీఎస్‌డబ్ల్యూఈ అనే మండలి. దాని గుర్తింపు ఉన్న ఎంఎస్‌డబ్ల్యూలో కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ చేయాలి. ఈ గుర్తింపు లేని కోర్సు చదివితే రేపు చాలా రాష్ట్రాలలో లైసెన్సు పరీక్షకే కూర్చోనివ్వరు కాబట్టి, మీ రెండు కోర్సులకూ అది ఉన్నదో లేదో ఈ రోజే చూసుకోండి. ఆ 900 గంటలూ ఆసుపత్రిలోనో, వృద్ధుల కేంద్రంలోనో, బడిలోనో, శిశు సంక్షేమ కార్యాలయంలోనో వారానికి రెండు మూడు రోజులు పనిచేయాలి. చాలా చోట్ల ఒక్క డాలరు కూడా ఇవ్వరు. పైగా ఆ గంటలకు మనమే ఫీజు కడతాం, ఎందుకంటే అవి కోర్సు క్రెడిట్లు. మొదటిసారి ఈ సంగతి అర్థమైన రోజున, జీతం తీసుకోవలసిన పనికి ఎదురు డబ్బు కట్టడమేమిటని నా గదిలో ఒంటరిగా కూర్చుని చాలాసేపు నవ్వాను. ఆ నవ్వు చివరికి ఏడుపులోకి దిగింది.

నాకు మొదటి సంవత్సరం పడిన చోటు ఊరికి అవతలి కొసన ఉన్న వృద్ధుల కేంద్రం. కారు లేదు. రెండు బస్సులు మారి వెళ్లడానికి గంటా నలభై నిమిషాలు, రావడానికి మరో అంత. డిసెంబరులో ఒక రోజు మంచు వల్ల మొదటి బస్సు ఆలస్యమైతే రెండవది తప్పిపోయింది. ఆ ఉదయం ఒక పెద్దాయన ఇంటికి మా సూపర్‌వైజరుతో కలిసి వెళ్లవలసి ఉంది. వెళ్లకపోతే గంటలు పోతాయి. టాక్సీ ఎక్కితే 28 డాలర్లు అయ్యాయి. ఆ వారం కూరగాయలకని విడిగా కవరులో పెట్టుకున్న డబ్బు అదే. తరువాతి ఏడు రోజులూ కందిపప్పు, అన్నం, ఇంటినుండి తెచ్చుకున్న గోంగూర పచ్చడి. కాలేజీలో పనిచేయడానికి 20 గంటల అనుమతి ఉన్నా, తరగతులు, ఫీల్డ్, ప్రయాణం పోగా నాకు చిక్కింది వారానికి తొమ్మిది గంటలే. సాఫ్ట్‌వేరు పిల్లల లెక్క సోషల్ వర్క్ పిల్లలకు చెల్లదు. ఈ మాట మీ కన్సల్టెన్సీ వారికి తెలియక చెప్పలేదో, తెలిసే చెప్పలేదో మీరే ఆలోచించుకోండి. పార్ట్‌టైం అంటే వారి ఉద్దేశం క్యాంపస్ బయట పెట్రోలు బంకులోనో రెస్టారెంటులోనో పని అయితే, అది ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకు విరుద్ధం. అందులో దొరికిపోతే చదువూ పోతుంది, తాకట్టు పెట్టిన ఇల్లూ నెత్తిమీద ఉంటుంది.

ఇక రూపాయి సంగతి. దీని గురించి చెప్పడం మొదలుపెడితే నేను ఆపనని మా ఇంట్లో వాళ్లు అంటారు, అయినా చెబుతాను. నాకు బ్యాంకు వారు 12 లక్షలు మంజూరు చేసింది 2008 ఆరంభంలో. అప్పుడు డాలరు 40 రూపాయల లోపు ఉన్నది. అంటే నా చేతిలో 30 వేల డాలర్లు ఉన్నట్టే అనుకున్నాను. ఆగస్టులో దిగేనాటికి అది 43కి వచ్చింది. సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది, జనవరికి డాలరు 48 దాటింది, మార్చిలో 51 కూడా దాటింది. బ్యాంకు వారు రుణాన్ని ఒకేసారి ఇవ్వరు, సెమిస్టరుకు ఇంతని రూపాయల్లో పంపుతారు. మంజూరు పత్రంలోని 12 లక్షలలో ఒక్క రూపాయి తగ్గలేదు గాని, నేను లెక్కవేసుకున్న డాలర్లు మాత్రం ఎండలో పెట్టిన మంచుగడ్డలా కరిగిపోయాయి. జనవరిలో ఫీజు కౌంటరు ముందు నిలబడితే, లోపలి అమ్మాయి తెర వైపు చూసి, ఇంకా 1,140 డాలర్లు రావాలని, శుక్రవారంలోగా కట్టకపోతే కోర్సుల నుండి పేరు తొలగిపోతుందని చాలా మర్యాదగా చెప్పింది. ఆ రాత్రి ఇంటికి ఫోను చేశాను. నాన్నగారు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ధర కోసం ఉంచిన మిరప టిక్కీలలో 30 టిక్కీలను (బస్తాలను), సంక్రాంతి ముందు, వచ్చిన ధరకు అమ్మి పంపారు. తరువాత ధర పెరిగిందా తగ్గిందా అని నేను ఆయనను ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కాబట్టి మీ 40 లక్షలను ఈ రోజు ధరతో భాగించి సంతోషపడవద్దు. రెండేళ్లలో రూపాయి మరో పది శాతం తగ్గుతుందని వేసుకుని అప్పుడు చూడండి, అప్పుడు సరిపోతేనే సరిపోయినట్టు. వడ్డీ 11 శాతం అనుకుందాం. చదువు, ఆపైన ఆరు నెలల గడువు కలిపి రెండున్నరేళ్లలో వడ్డీయే 11 లక్షలు అవుతుంది. మొత్తం 51 లక్షలు పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 70 వేల రూపాయల వాయిదా. అమెరికా కార్మిక శాఖ లెక్క ప్రకారం 2023లో ఇక్కడి సోషల్ వర్కర్ల మధ్యస్థ వేతనం ఏడాదికి 58 వేల డాలర్ల పైచిలుకు. కొత్తగా చేరినవారికి అంతకన్నా తక్కువే. అద్దె, కారు, పన్నులు పోయాక ఆ జీతంలో నుండి నెలకు 800 డాలర్లు తీయడం కష్టమే గాని అసాధ్యం కాదు, నేను అలాంటి వాయిదాలు కట్టినదాన్నే. కాని చదువయ్యాక ఉద్యోగానికి మీకు దొరికే ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) గడువు 12 నెలలు మాత్రమే. కంప్యూటర్ వాళ్లకు దానిపైన దొరికే మరో 24 నెలల పొడిగింపు సోషల్ వర్క్‌కు లేదు. ఆ ఏడాదిలోపు వీసా ఇప్పించే సంస్థ దొరకక తిరిగి వరంగల్ రావలసి వస్తే, అక్కడి స్వచ్ఛంద సంస్థ జీతంతో నెలకు 70 వేలు ఎలా కడతారో మీ నాన్నగారిని కూర్చోబెట్టుకుని మాట్లాడండి. నాకు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఒక లాభాపేక్ష లేని ఆసుపత్రి హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాను, మామూలుగా ఉండే లాటరీ లేకుండా ఇప్పించింది. అందులో నా కష్టం సగం, అదృష్టం సగం. ఆ మిగతా సగాన్ని మీకు హామీ ఇవ్వలేను.

నన్ను గట్టెక్కించినది గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్, అంటే విశ్వవిద్యాలయంలో పనిచేసినందుకు ఫీజు మాఫీ, భత్యం ఇచ్చే ఏర్పాటు. మా సోషల్ వర్క్ విభాగంలో అవి రెండు మూడే ఉండేవి, అవి నాలాంటి కొత్తవారికి దక్కేవి కావు. ఫీజు కౌంటరు దగ్గర జరిగిన అవమానం తరువాత, క్యాంపస్‌లోని ప్రతి భవనం మెట్లెక్కి, మీ దగ్గర పనేమైనా ఉందా అని అడగడం మొదలుపెట్టాను. ఇప్పటి పిల్లలు ఒక ఈమెయిలు పంపి, జవాబు రాకపోతే ప్రయత్నించామంటారు. నేను 26 కార్యాలయాలు తిరిగాను. ఇరవై ఆరవది వికలాంగ విద్యార్థుల సేవా కార్యాలయం. అక్కడ ఒక అసిస్టెంటు మధ్యలో మానేసి వెళ్లిపోయింది. మూడవ సెమిస్టరు నుండి నా ఫీజులో ఎక్కువ భాగం మాఫీ అయింది, నెలనెలా కొంత భత్యం కూడా వచ్చింది. మీరు అడ్మిషను ఖాయం చేసుకునే ముందే రెండు చోట్లకూ రాసి, ఇతర విభాగాల అసిస్టెంట్‌షిప్‌లు ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థులకు ఇస్తారా, ఇస్తే ఫీజు ఎంత మాఫీ అవుతుంది, ఫీల్డ్ గంటలతో పాటు ఆ పని చేయడానికి ఒప్పుకుంటారా అని అడగండి. ప్రైవేటు చోట్ల సాధారణంగా ఇచ్చేది కొద్దిపాటి స్కాలర్‌షిప్, దానికి తోడుగా అభినందనల లేఖ. మిగిలిన ఫీజు ఎంతో చూస్తే ఆ అభినందన రుచించదు.

దరఖాస్తు సంగతి మీకు ఇక అవసరం లేదు గాని, మీ వెనుక వచ్చే స్నేహితురాళ్ల కోసం చెబుతాను. నేను ఆరు చోట్లకు దరఖాస్తు పంపి నాలుగు చోట్ల తిరస్కరణ పొందాను. కారణం నాకు తరువాత తెలిసింది. సిఫారసు లేఖల కోసం వెళితే మా లెక్చరరు గారు, "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అన్నారు. మిగిలిన ఇద్దరూ అదే మాట అన్నారు. మూడు లేఖలూ నేనే రాశాను. మూడింటిలోనూ నేను కష్టించి పనిచేసే, క్రమశిక్షణ గల, వినయవంతురాలైన విద్యార్థిని. చదివిన కమిటీ వారికి ముగ్గురి చేతిరాతలో ఒకే మనిషి కనిపించకుండా ఎలా ఉంటుంది? ఇక నా గురించి నేను రాసుకున్న వ్యాసం మానవసేవే మాధవసేవ అన్న వాక్యంతో మొదలై, మా తాతగారు గుడి దగ్గర చేసే అన్నదానంతో ముగిసింది. అంతకు ముందు ఏడాదిన్నర నేను వెలుగు (అప్పటికి ఇందిరా క్రాంతి పథం) పథకంలో పల్లెల్లో పొదుపు సంఘాలతో పనిచేశాను. సంఘం అప్పు తీర్చలేక సమావేశానికి రావడం మానేసిన ఒక ఆవిడ ఇంటికి వెళ్లి, ఆవిడ మాట వినకుండా పుస్తకం చూపించి వాయిదాల గురించి ఉపన్యాసం ఇచ్చి వచ్చాను. వ్యాసంలో రాయవలసింది అది. ఎక్కడ తప్పు చేశానో, దానినుండి ఏమి నేర్చుకున్నానో చెప్పగల మనిషి కోసమే వారు వెతుకుతారు. ఆ సంగతి మాత్రం నేను ఒక్క ముక్క రాయలేదు.

మిగిలినవి కాగితాల పనులు, అధికారిక వెబ్‌సైట్లలో మీరే చూసుకోగలరు. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) రుసుము 350 డాలర్లు, వీసా దరఖాస్తు 185 డాలర్లు. జీతం లేని ఫీల్డ్ వర్క్ అయినా క్యాంపస్ బయట చేస్తే ముందుగా సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేసే) అనుమతి కావాలా అని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగండి. మూడేళ్ల బీఏను కొన్ని చోట్ల అంగీకరించరు గాని మీకు సీటే వచ్చింది కాబట్టి ఆ గండం గడిచింది. ఇంటినుండి సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన దానిపై బ్యాంకు వారు టీసీఎస్ అనే పన్ను ముందుగానే పట్టుకుంటారు; 2025 ఏప్రిల్ నుండి బ్యాంకు విద్యారుణంతో పంపే డబ్బుకు ఆ బాధ లేదు. మీ సామాజిక వర్గాన్ని బట్టి తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి కింద 20 లక్షల వరకు వచ్చే అవకాశం ఉంది, అందులో సామాజిక శాస్త్రాలూ ఉన్నాయి. ఆదాయ పరిమితి, గడువు తేదీలు జిల్లా సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఇది చదువుతున్న గ్రీన్‌కార్డు గల చెల్లెళ్లు అమెరికా ప్రభుత్వ రుణాలు తీసుకోవచ్చు గాని, 2026 జూలై 1 నుండి కొత్తవారికి గ్రాడ్ ప్లస్ అనే అదనపు రుణం ఉండదు, మామూలు రుణం ఏడాదికి 20,500 డాలర్లకే పరిమితం. వీసా మీద వచ్చేవారికి ఈ రెండూ వర్తించవు.

వెళ్లమంటారా అని అడిగారు. న్యూయార్క్‌కు వద్దు. ఒహాయో వారు అసిస్టెంట్‌షిప్ గురించి రాతపూర్వకంగా మంచి జవాబు ఇస్తే, లేదా విద్యానిధి మంజూరై మీ రుణం 20 లక్షల లోపుకు దిగితే వెళ్లండి. రెండూ జరగకపోతే సీటును వచ్చే ఏడాదికి వాయిదా వేయమని అడగండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే డిపాజిట్ తిరిగి ఇస్తారో లేదో కూడా అదే ఉత్తరంలో అడగండి. నేను అడగలేదు, 300 డాలర్లు పోయాయి. నాకు మళ్లీ రాసేటప్పుడు వారి జవాబులతో పాటు, మొదటి సంవత్సరం ఫీల్డ్ ఎక్కడ పడుతుందో, మీరు ఉండబోయే గదినుండి అక్కడికి బస్సు ఉందో లేదో కూడా తెలుసుకుని రాయండి. ఇంటి దస్తావేజులు అంతవరకు బీరువాలోనే ఉంచమని నాన్నగారితో చెప్పండి.