కుండ చెమర్చినట్టు

చిరంజీవికి,

చర్మానికి రాసే క్రీముల్లో మందును దాచుకునే, ఒళ్లంతా సన్నని రంధ్రాలుండే మైక్రోస్పాంజి కణాల గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటిసారి చదివినప్పుడు రెండో పేరాలోనే ఆగిపోయాను. "ఈ సూక్ష్మకణాలు చర్మంలోకి చొచ్చుకుపోయి, స్పాంజిని పిండినట్టు మందును విడుదల చేస్తాయి" అని రాశావు. ఒక్క వాక్యంలో రెండు తప్పులు. ఫార్మసీ పీజీ చదువుతూ, ఆ కణాలను స్వయంగా తయారుచేసిన అమ్మాయి ఇలా రాసిందే అని మనసు చివుక్కుమంది.

మొదటి తప్పు దిద్దడం తేలిక. మైక్రోస్పాంజి కణం 5 నుంచి 300 మైక్రాన్లు ఉంటుంది; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన చర్మం మీది మృతకణాల పొర మందమే సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు. ఆ పొరలోని సందులు ఇంకా ఎంతో సన్నం, ఆ కణం అందులోంచి దూరలేదు. అది పైనే ఉండిపోతుంది, లోపలికి దిగేది మందు మాత్రమే.

రెండోది 'పిండడం'. ఒక పోలిక పెట్టామంటే అది ఎంత దూరం నడుస్తుందో, ఎక్కడ చతికిలబడుతుందో రాసేవారికి తెలిసి ఉండాలి. నలభై ఏళ్లుగా నేను విడవకుండా పట్టుకున్న మాట ఇదే. ఈ కణాలను రూపొందించిన రిచర్డ్ వోన్‌కు 1987లో అమెరికాలో పేటెంట్ వచ్చాక, స్పాంజి అన్న పేరు ఈ కణాలకు అతుక్కుపోయింది. పేరు ఉంది కదా అని నువ్వు పిండేశావు. క్రీము రుద్దినప్పుడు ఒత్తిడికి కొంత మందు బయటికి వస్తుంది, కాదనను. కానీ అసలు పని ఆ తర్వాత, ఎవరూ ముట్టుకోని గంటల్లో జరుగుతుంది. కణం చుట్టూ ఉన్న క్రీములోని మందును చర్మం తీసుకుంటుంది. అక్కడ మందు పలచబడుతుంది. ఆ లోటు తీర్చడానికి రంధ్రాల్లోంచి మరికొంత వస్తుంది.

ఇది మన ఇంట్లో మట్టికుండ చేసే పని. పైన తడి ఆరినకొద్దీ లోపలి నీరు గోడలోకి ఊరుతుంది. ముసురు పట్టిన రోజున గాలిలో తేమ నిండి, కుండ మీది తడి ఆరదు, నీళ్లు చల్లబడవు. మందు క్రీములో సులువుగా కరిగిపోయేదైతే ఏమవుతుందో నీకు తెలుసు. వాడకముందే ట్యూబులోనే కణాల్లోంచి బయటపడి కూర్చుంటుంది. బయట ఏముందన్న దాన్ని బట్టే లోపలిది కదులుతుందని కుండ చెబుతుంది. స్పాంజి చెప్పదు. అయితే కుండకు మధ్యలో బోలు ఉంటుంది, నీ కణానికి ఉండదు. మందంతా ఆ సన్నని దారుల్లోనే దాగి ఉంటుంది. ఆ తేడా కూడా రాయాలి.

కుండ గురించి నేను తొలిసారి రాసినప్పుడు, గోడలో నీరు ఉంటుందని రుజువేమిటని మా నాన్న అడిగారు. కొత్త కుండను కిరాణా కొట్టుకు మోసుకెళ్లి తూయించాను. రాత్రంతా తొట్టిలో నానబెట్టి, పొద్దున్నే లోపలి నీళ్లు వంచేసి, పైన గుడ్డతో తుడిచి మళ్లీ తూయించాను. పావుకిలోకు పైగా ఎక్కువ తూగింది. ఆ సంగతి రాసి ఒక వారపత్రికకు పంపితే, సంపాదకుడు కుండ పేరానే కొట్టేసి 'ప్రకృతి అద్భుతం' అని శీర్షిక పెట్టారు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు. సైన్సు రచన అంటే నోరు తెరిపించాలని, 'అద్భుతం', 'విప్లవం' లేకపోతే పాఠకుడు చదవడని ఆయనలాంటి వారు ఒక తరం రచయితలను పాడుచేశారు. నీ వ్యాసంలో 'విప్లవాత్మక' నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ తీసెయ్యి.

వాటి స్థానంలో ట్రెటినాయిన్ కథ రాయి. మొటిమలకు 1971 నుంచి అమెరికాలో అనుమతి ఉన్న మందు. పని చేసేది, కానీ రాసుకున్న ముఖం కందిపోయి, మండి, ముక్కు పక్కన పొట్టు లేచేది. మందు మానేసిన వాళ్లు ఎందరో. 1997లో అదే మందు సూక్ష్మరంధ్రాల కణాల్లో నింపిన జెల్‌గా వచ్చింది. ఒక్కసారిగా కాక నెమ్మదిగా అందడం వల్ల మంట తగ్గింది. ఆ కణాలు మిథైల్ మెథాక్రిలేట్ నుంచి తయారైనవి. కట్టుడు పళ్ల చిగుళ్లు చేసేదీ ఆ పదార్థంతోనే. నువ్వు చెప్పిన రెండున్నర లక్షల రంధ్రాలు 25 మైక్రాన్ల గోళంలోనివి. అలాంటి గోళాలు మూడు పక్కపక్కన పెడితే ఒక తలవెంట్రుక మందం అని రాస్తే పాఠకుడి కళ్లకు కడుతుంది.

నీ వ్యాసం కంటే దానితో పంపిన ఉత్తరం బాగుంది. కణాల తయారీలో వాడే ద్రావకం, డైక్లోరోమీథేన్, ఆవిరయ్యేదాకా గంటల తరబడి బీకరు దగ్గర నిలబడ్డానని, వడకట్టి ఆరబెట్టిన తెల్లటి పొడిని ఎవరో ఫ్యాను వేయడంతో సగం పోగొట్టుకుని ఏడ్చానని అందులో రాశావు. అది వ్యాసంలో ఎందుకు లేదు? ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూసే ఉంటావు. పిండితే ఏమైనా కారిందా?

ఆ ఫ్యాను తిరిగిన పూట నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండనీ, నా చూపు మునుపటిలా లేదు.

ఆశీస్సులతో.