గట్టు మీది దోమ, మడిలో దోమ ఒకటేనా?

ప్రశ్న: సార్వాకు స్వర్ణ రకం వరి వేశాను. పైరు పొట్ట దశలో ఉంది. దుబ్బుల మొదళ్లలో పొట్టి రెక్కల దోమ, పొడుగు రెక్కల దోమ, వీపున తెల్లచార ఉన్న దోమ కనిపిస్తున్నాయి. కాలవ గట్టు గడ్డిలోనూ అచ్చం ఇలాంటి గోధుమరంగు దోమే ఉంది. ఇవన్నీ ఒకటేనా? గట్టుకూ మందు కొట్టాలా? – ఒక రైతు, ఆచంట

జవాబు: పొట్టి రెక్కలదీ పొడుగు రెక్కలదీ రెండు జాతులు కావండీ, రెండూ వరి రసం పీల్చే సుడిదోమే. మేత బాగున్నప్పుడు పొట్టి రెక్కల ఆడవి తయారై అక్కడే గుడ్లు పెడతాయి. దోమ కిక్కిరిసి పైరు ముదిరితే పొడుగు రెక్కలవి వచ్చి ఎగిరిపోతాయి. పొట్టి రెక్కలవి ఎక్కువగా ఉంటే ఉధృతి ఇంకా పెరుగుతుందనే అనుకోవాలి. తెల్లచార ఉన్నది మాత్రం వేరే జాతి, తెల్లమచ్చ దోమ.

గట్టు గడ్డిలోది చూసి చెప్పేయడం కష్టం. సుడిదోమకు నీలపర్వత బేకరి (Nilaparvata bakeri) అనే శాస్త్రీయ నామంతో దగ్గరి జాతి ఒకటుంది. రంగూ సైజూ దాదాపు అవే. వెనక కాలికి కదిలే పెద్ద ముల్లు కూడా రెండింటికీ ఉంటుంది. కాకపోతే అది వరి మీద కాకుండా, నీటి అంచున పెరిగే లీర్సియా గడ్డి మీద బతుకుతుంది. తేడా తేల్చేది మగ పురుగు తోక చివర. దాన్ని కోసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేస్తే కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. గ్లిజరిన్ చుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద తిప్పి చూస్తే జననాంగాల్లోని పారామియర్ల (జతగా ఉండే కొక్కేల్లాంటి భాగాల) వంపు ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది.

ఆ వంపును పోల్చుకోవడానికి సరిగ్గా గుర్తించిన మ్యూజియం నమూనా కావాలి. ఢిల్లీలోని జాతీయ పూసా సేకరణ వంటివి అందుకే ఉన్నాయి. నమూనా అంటే అట్టముక్క కొసకు అతికించిన పురుగు, అదే సూదికి గుచ్చిన బుల్లి గొట్టంలో దాని తోక, కింద చీటీ. ఊరు, తేదీ, ఏ మొక్క మీద పట్టారో ఆ చీటీలో లేకపోతే నమూనా సగం పనికిరానట్టే. ఎందుకంటే ఫిలిప్పీన్స్‌లో లీర్సియా మీద దొరికిన కొన్ని సుడిదోమలకూ వరి మీది వాటికీ ఒంటి నిర్మాణంలో తేడా కనపడలేదు. జత కోసం కాండం గుండా పంపే ప్రకంపనలే వేరుగా ఉన్నాయి.

అందుకని గడ్డి మీదివి, వరి మీదివి విడివిడిగా 70 శాతం ఆల్కహాల్ సీసాల్లో వేయండి. పొట్ట సన్నగా ఉన్న మగవి తప్పక ఉండాలి. చీటీ పెన్సిల్‌తో రాసి సీసాలోపలే పెట్టండి, పెన్ను సిరా కరిగిపోతుంది. వెన్నుతో ఉన్న గడ్డి పరక ఒకటి కాగితంలో నొక్కి, అన్నీ మార్టేరు పరిశోధనా స్థానంలో ఇవ్వండి.

గట్టుకు మందు వద్దు. ఆ గడ్డిలో సాలీళ్లు, దోమ గుడ్లు తినే మిరిడ్ నల్లులు ఉంటాయి. పచ్చటి ఒంటికి నల్ల తల ఉన్న ఈ నల్లిని చాలామంది దోమే అనుకుని చంపేస్తున్నారు, చాలా బాధగా ఉంటుంది.

మడిలో దుబ్బుకు 20–25 దోమలు దాటితే నీరు తీసేయండి. పొట్ట దశ కాబట్టి నెర్రెలు విచ్చేదాకా ఆరబెట్టొద్దు. పైమెట్రోజైన్ 50 శాతం మందు (నీటిలో కలిపే గుళికలు, డబ్ల్యు.జి.) లీటరు నీటికి 0.6 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం, మొదళ్లు తడిసేలా కొట్టండి. సింథటిక్ పైరిత్రాయిడ్ల (సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందుల) జోలికి మాత్రం వెళ్లొద్దు, దోమ రెట్టింపై తిరగబెడుతుంది.