ఈమాక్స్ మొరాయిస్తే ఏం చెయ్యాలి: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ టెక్స్ట్ ఎడిటర్ ఈమాక్స్ తెరవగానే ఎర్రర్ వస్తోందని, మొత్తం తీసేసి వేరే ఎడిటర్‌కి మారిపోతానని రాశావు. మారడం నీ ఇష్టం నాన్నా, కానీ ఈ కోపంలో వద్దు. నీ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫోల్డర్‌ని డిలీట్ చెయ్యకు. ఇంకో చోట ఒక కాపీ పెట్టుకో, తర్వాత మొదలుపెడదాం.

టెర్మినల్‌లో ఈమాక్స్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మైనస్, క్యాపిటల్ క్యూ పెట్టు. అలా తెరిస్తే ఈమాక్స్ మొదలవగానే చదివే నీ సెట్టింగుల ఫైలు, అంటే ఇనిట్ ఫైలు గానీ, నువ్వు వేసుకున్న ప్యాకేజీలు గానీ లోడ్ కావు. అక్కడ కూడా అదే ఎర్రర్ వస్తే గొడవ ఈమాక్స్‌లోనో సిస్టమ్‌లోనో ఉన్నట్టు. రాలేదా, నీ ఫైల్లోనో ప్యాకేజీల్లోనో ఉన్నట్టు. నేను చూసినంతలో ఎక్కువసార్లు ఈ రెండోదే.

తర్వాత రెండు మైనస్‌లు పెట్టి డీబగ్-ఇనిట్ అనే ఆప్షన్‌తో తెరువు. బ్యాక్‌ట్రేస్ వస్తుంది, అంటే ఎర్రర్ దాకా నడిచిన ఫంక్షన్ల జాబితా. దాన్ని చూసి కంగారుపడకు. పై లైన్లో ఏం జరిగిందో ఉంటుంది, కిందికి పోయేకొద్దీ ఎవరు ఎవర్ని పిలిచారో కనిపిస్తుంది. వేరియబుల్ వాయిడ్ అని ఉంటే ఆ పేరుకి ఇంకా విలువ లేదని అర్థం. స్పెల్లింగ్ తప్పయినా అయ్యుండాలి, లేదా ప్యాకేజీ లోడ్ కాకముందే దాని పేరు వాడి ఉండాలి. అప్పటికీ దొరక్కపోతే ఫైలుని సగానికి కోసుకుంటూ పో. కింది సగాన్ని కామెంట్ చేసి, అంటే నడవకుండా ఆపి, తెరువు. ఎర్రర్ పోతే దొంగ కింది సగంలో ఉన్నాడు, ఉంటే పై సగంలో. నీ ఫైలు 800 లైన్లన్నావు కదా, పదిసార్లు కోసేలోపే ఒక్క లైను దగ్గరికి వచ్చేస్తావు. కోసేటప్పుడు బ్రాకెట్ మధ్యలో మాత్రం తెంపకు. ఒక కొత్త ఎర్రర్ పుట్టి అసలుదాన్ని కప్పేస్తుంది.

ఏదైనా కీ నొక్కితే అనుకోనిది జరిగిందా? కంట్రోల్-హెచ్, తర్వాత కె, తర్వాత ఆ కీ నొక్కు. ఆ కీ ఏ ఫంక్షన్‌ని పిలుస్తోందో ఈమాక్సే చెబుతుంది. పొరపాటున ఏం నొక్కావో గుర్తులేకపోతే కంట్రోల్-హెచ్, ఎల్. నీ చివరి కీలన్నీ వరసగా చూపిస్తుంది. ఎక్కడైనా ఇరుక్కుపోతే కంట్రోల్-జీ. ఇంటర్నెట్‌లో వెతకడానికి ముందు ఎడిటర్‌నే అడగడం అలవాటు చేసుకో. ఇది నేను మరీ మరీ చెప్పేది.

ఇక నీ సొంత కోడ్ చేర్చుకునే సంగతి. 1976లో ఎంఐటీలో టెకో అనే ఎడిటర్ మీద రాసుకున్న మాక్రోల (ఒకేసారి నడిచే ఆదేశాల వరసల) మూటగా పుట్టింది ఈమాక్స్. ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవడం దీని పుట్టుకలోనే ఉంది, అందుకని భయపడకు. కాకపోతే ఎక్కడ తగిలిస్తున్నావో చూసుకో. నేను ఒకసారి ఫైలు సేవ్ చేసేముందు లైను చివరి ఖాళీలన్నీ తుడిచేసే ఫంక్షన్‌ని బిఫోర్-సేవ్-హుక్‌కి తగిలించాను. హుక్ అంటే ఫలానా పని జరిగినప్పుడల్లా నడిచే ఫంక్షన్ల జాబితా. రెండు వారాలు హాయిగా ఉంది. తర్వాత టీమ్‌లో ఒకబ్బాయి వచ్చి, మీరు మార్చింది ఒక్క లైనేగా, రివ్యూలో మూడొందల లైన్లు ఎందుకు కనిపిస్తున్నాయి అని అడిగాడు. నేను తాకని లైన్ల ఖాళీలు కూడా పోయాయి మరి. మార్క్‌డౌన్ ఫైళ్లలో ఇంకా ఘోరం. అక్కడ లైను చివర రెండు ఖాళీలుంటే కొత్త లైను అని అర్థం. అవి పోయి లైన్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆరోజు చాలా బాధపడ్డాను. యాడ్-హుక్‌కి చివర ఇచ్చే లోకల్ అనే ఆర్గ్యుమెంట్ సంగతి అప్పుడు తెలిసింది. అది ఇచ్చి, కావలసిన మోడ్ (ఒక్కో రకం ఫైలుకి ఈమాక్స్ వాడే తీరు) హుక్ లోపల్నించి తగిలిస్తే ఆ రకం బఫర్లకే, అంటే తెరిచిన ఆ రకం ఫైళ్లకే పనిచేస్తుంది.

ఇంకోటి. హుక్‌లో పేరు లేని ల్యాంబ్డా పెట్టకు. దాన్ని మార్చి మళ్లీ నడిపితే పాతదీ కొత్తదీ రెండూ ఉండిపోతాయి. పేరున్న ఫంక్షన్ అయితే తీసేయడం కూడా సులువు. ఏది రాసినా ముందు స్క్రాచ్ బఫర్‌లో, అంటే ఈమాక్స్ ఇచ్చే చిత్తు కాగితంలో రాసి, చివరి బ్రాకెట్ తర్వాత కర్సర్ పెట్టి, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఈ కొట్టి చూడు. పనిచేసి, నీకు అర్థమయ్యాకే ఇనిట్ ఫైల్లోకి ఎక్కించు. అర్థం కాని లైను ఎంత పేరున్నవాళ్లు రాసిందైనా తేవద్దు.

తెలుగు డబ్బాలుగా కనిపిస్తోందన్నావు. కంట్రోల్-హెచ్ కొట్టి మళ్లీ హెచ్ కొడితే రకరకాల భాషల పలకరింపుల ఫైలు వస్తుంది. అందులో తెలుగు నమస్కారం సరిగ్గా కనిపించకపోతే నీకు ఫాంట్ లేదు. నోటో సాన్స్ తెలుగు వేసుకో. టైపు చెయ్యడానికి కంట్రోల్-బ్యాక్‌స్లాష్ కొట్టి తెలుగు-ఐట్రాన్స్ ఎంచుకుంటే చాలు.

ఈసారి ఫోటో పంపకు నాన్నా. బ్యాక్‌ట్రేస్ మొత్తం కాపీ చేసి, ఇనిట్ ఫైలుతో సహా మెయిల్ పెట్టు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటాను, ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఇద్దరం కలిసి కోద్దాం.

ఆశీస్సులతో,
మీ అత్త