చిన్నప్పటి కోత మానిపోయాక కూడా ఇబ్బందులుంటాయా?

పర్లాకిమిడి నుంచి నర్సుగా గల్ఫ్ వెళ్లబోతున్న చెల్లి అడిగింది: సోమాలియా, సూడాన్ ఆడవాళ్లకు చిన్నప్పుడే జననాంగం కోస్తారట కదా, ఆ గాయం ఎప్పుడో మానిపోయి ఉంటుంది, ఇక మనం చూడాల్సిందేముంటుందని.

చాలా ఉంటుంది చెల్లీ. మాది బరంపురం. జెద్దాలో కాన్పుల వార్డులో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడికి వచ్చేవాళ్లలో కొందరికి మూడో రకం కోత ఉండేది. అంటే జననాంగం పెదవులు కోసి, అంచులు కలిపి మూసేస్తారు. మూత్రానికీ నెలసరికీ కలిపి చిన్న రంధ్రమే మిగులుతుంది.

ఒక సోమాలీ ఆమె బాత్రూంకి వెళ్తే ఎంతకీ వచ్చేది కాదు. మూత్రం చుక్కలు చుక్కలుగానే పడేది. ఆమె దాన్ని జబ్బనుకోలేదు. ఇంట్లో అమ్మకీ అక్కలకీ అంతేనట. అందుకే 'మూత్రంలో ఇబ్బందుందా' అని అడిగితే లేదనే అంటారు. 'ఎంతసేపు పడుతుంది, నెలసరి ఎన్ని రోజులు, కడుపునొప్పి ఎంత' అని అడుగు. మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్, లోపల నిలిచిపోయిన నెలసరి రక్తం, మచ్చ దగ్గర గడ్డలు, కలయికలో నొప్పి, అన్నీ అప్పుడే బయటపడతాయి. కోత నాటి భయం కూడా పోదు. పరీక్ష బల్ల ఎక్కగానే కొందరు వణికిపోయేవారు. నీ ముఖంలో మాత్రం ఆశ్చర్యం కనిపించకూడదు, అది వాళ్లను చాలా బాధపెడుతుంది.

కాన్పు దగ్గర ప్రమాదం ఇంకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 6 ఆఫ్రికా దేశాల్లో 28 వేలకు పైగా కాన్పులు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించింది. కోత లేనివాళ్లతో పోలిస్తే మూడో రకం ఉన్నవాళ్లలో సిజేరియన్లు 31 శాతం ఎక్కువ, కాన్పు తర్వాత అధిక రక్తస్రావం 69 శాతం ఎక్కువ. బిడ్డలు చనిపోవడం కూడా ఎక్కువే.

ఇది మనకు సంబంధం లేని దేశాల గొడవ అనుకోకు. మన దేశంలో దావూదీ బోహ్రా అనే ముస్లిం వర్గం కుటుంబాలు కొన్నింటిలోనూ కోత ఉంది. అది సాధారణంగా ఇంత తీవ్రంగా ఉండదు, అయినా పసిపిల్లకు నొప్పీ భయమూ తప్పవు.

మూసిన చోటును మత్తిచ్చి డాక్టర్ తెరవవచ్చు, కాన్పుకు ముందైనా, నొప్పుల్లోనైనా. తెరిచాక మూత్రం ధారగా వస్తుంది, నెలసరి ఎక్కువైనట్టు అనిపిస్తుంది. ఇది ముందే చెప్పకపోతే హడలిపోతారు. కాన్పయ్యాక మళ్లీ మూసి కుట్టమని ఇంట్లోవాళ్లు అడగవచ్చు, ఒక్కోసారి ఆమే అడుగుతుంది. అలా కుట్టకూడదు. నొప్పుల సమయంలో ఈ మాట ఎవరి చెవికీ ఎక్కదు కాబట్టి, గర్భిణిగా చెకప్‌కి వచ్చినప్పుడే ఆమెనూ భర్తనూ కూర్చోబెట్టి చెప్పు.