ఆవిర్లు వస్తే ‘వేడి చేసింది’ అనుకోకండి

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. విజయవాడ పటమటలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. నెలసరి ఆగి ఎనిమిది నెలలైంది. ఉన్నట్టుండి ఛాతీ నుంచి ముఖం దాకా ఆవిర్లు కమ్మేసి, చెమటకు జాకెట్ తడిసిపోతోంది. రాత్రి రెండు మూడుసార్లు మెలకువ వస్తోంది. వేడి చేసిందని రోజూ సబ్జా నీళ్లు తాగుతున్నా తగ్గలేదు. హార్మోన్ మాత్రలు వాడితే క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: అమ్మా, సబ్జా నీళ్లు తాగండి, తప్పేం లేదు. కానీ ఇది తిండి వల్ల వచ్చిన వేడి కాదు. ఒంటి వేడిని అదుపులో ఉంచే భాగం మెదడులో ఉంటుంది. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి ఆ భాగం మరీ సున్నితమైపోతుంది. కాస్త వేడి పెరిగినా చర్మంలోని రక్తనాళాలను తెరిచి, చెమట పట్టించేస్తుంది. ఆ వెంటనే కొందరికి చలి వేసేదీ అందుకే. ఒక్కో ఆవిరి సాధారణంగా ఐదు నిమిషాల్లోపే తగ్గుతుంది. అయితే ఇలా రావడం చాలామందిలో ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకే ‘ఓర్చుకో’ అని నేను చెప్పను.

మీది పొయ్యి దగ్గర పని, పైగా బెజవాడ ఎండలు. పెద్ద వంటలు తెల్లవారుజామునే ముగించండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. కారం, వేడి టీ కొందరికి ఆవిర్లు తెప్పిస్తాయి, అందరికీ కాదు. రెండు వారాలు ఏం తిన్నాక, ఏ టెన్షన్‌లో వచ్చాయో రాసుకోండి. మీకు పడనిదే మానేయండి.

థైరాయిడ్, బీపీ, షుగర్ పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే చెమటలు పడతాయి. బరువు తగ్గుతూ, సాయంత్రాలు జ్వరం, దగ్గు ఉంటే టీబీ పరీక్ష కూడా అవసరం.

ఇక హార్మోన్ చికిత్స. ఆవిర్లకు అన్నిటికంటే బాగా పనిచేసేది అదే. మీ భయంలో కొంత నిజముంది: ఈస్ట్రోజన్‌ను ప్రొజెస్టిరాన్ అనే మరో ఆడ హార్మోన్‌తో కలిపి ఏళ్ల తరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది. అయినా 60 ఏళ్లలోపు, ఇతర జబ్బులేవీ లేనివారిలో సాధారణంగా మేలే ఎక్కువ. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడకూడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డలు కట్టినవారికి, లివర్ జబ్బు ఉన్నవారికి మామూలుగా హార్మోన్లు ఇవ్వం. బదులుగా వెన్లాఫాక్సిన్, గబాపెంటిన్ లాంటి హార్మోన్ కాని మందులు ఇస్తాం. ఏదైనా సరే, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు, గైనకాలజిస్టును కలవండి.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటాం. అందాకా గర్భం వచ్చే అవకాశం కొంత ఉంటుంది, జాగ్రత్త. ఆ 12 నెలలు దాటాక చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.